మసి దొరికిన ఏకైక వాహనం

మనిషి ఊపిరి పీల్చడం మొదలుపెట్టి లక్షల ఏళ్లు గడిచినా ఆ పని ఇంతకాలం ఏ కార్యాలయం పరిధిలోకీ రాకపోవడం నాగరికతకే తీరని కళంకం. ఆ లోటు పూడ్చడానికి ఏర్పడిందే ధూమ పర్యవేక్షణ శాఖ. శాఖకు మూడంతస్తుల భవనం, పద్నాలుగు సెక్షన్లు, 'శ్వాస' అనే యాప్, పొగ కొలిచే యంత్రం ఒకటీ ఉన్నాయి. పొగ తగిలితే పాడవుతుందని ఆ యంత్రాన్ని రెండో అంతస్తులో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఉన్న సెక్షన్‌వారికి బీరువా ఎక్కడుందో తెలియదు. బీరువా ఉన్న సెక్షన్‌వారికి అందులో ఏముందో తెలియదు. ఒక యంత్రానికి ఇంతకు మించిన భద్రత కల్పించడం ఎవరి తరమూ కాదు.

అలాంటి శాఖ ఒక మొండి మనిషిని ఎంత ఓపికగా దారికి తెచ్చిందో లోకానికి తెలియాలి.

ఆ మనిషిని అందరూ వ్యాన్ అక్క అంటారు. ఆమె వ్యాన్ ఎక్కే పదకొండుమంది పిల్లలూ అదే అంటారు, వాళ్ల తల్లులూ అదే అంటారు, ఆఖరికి కట్టుకున్న మొగుడు కూడా ఫోన్‌లో ఆమె నంబరు ఆ పేరుతోనే దాచుకున్నాడు. తొమ్మిదేళ్లుగా అదే డీజిల్ వ్యాన్, అదే బడి, ఏడూ నలభైకి అదే గేటు. పిల్లలు మాత్రం పెద్దవుతూ, మారుతూ ఉంటారు.

ఆ వ్యాన్ పొగగొట్టం మధ్యలో, తయారుచేసినవాళ్లు బిగించిన మసి డబ్బా ఒకటుంది. ఇంజిన్ వదిలే మసిని బయటికి పోనివ్వకుండా పట్టుకోవడం దాని ఉద్యోగం. అది పెట్టే తిప్పలు చిన్నవి కావు. బడికీ ఇళ్లకీ మధ్య నాలుగు కిలోమీటర్లు. ఆ కాస్త దూరానికి డబ్బా వేడెక్కదు. వేడెక్కకపోతే పట్టిన మసి కాలదు. కాలకపోతే డబ్బా మూసుకుపోయి, స్టీరింగ్ వెనక పసుపు దీపం వెలుగుతుంది. అందుకని వ్యాన్ అక్క ప్రతి ఆదివారం పొద్దున్నే ఖాళీ వ్యాన్‌ను ఊరవతలి పెద్ద రోడ్డెక్కించి నలభై నిమిషాలు ఏకబిగిన తోలుకొచ్చేది. "సెలవు రోజు కూడా ఎక్కడికమ్మా?" అని ఇరుగుపొరుగు అడిగితే "డబ్బాకి గాలి మార్పు" అనేది.

ఊళ్లో ఇంకెవరూ ఇన్ని తిప్పలు పడేవారు కాదు. అందుకు కారణం స్వయంగా ఆమె తమ్ముడే. అతని షెడ్డు మీద 'ఇచ్చట ఇంజిన్లకు విముక్తి కలిగించబడును' అని బోర్డు ఉంటుంది. బండిని పైకి లేపి, మసి డబ్బాను కోసి, లోపల సన్నటి గదులు గదులుగా ఉండే నల్లటి రాయిని పొడిచి పారేసి, దాని చోట ఖాళీ గొట్టం అతికి, బండి కంప్యూటర్‌లో పసుపు దీపాన్ని శాశ్వతంగా నిద్రపుచ్చేవాడు. గంటన్నరలో పని పూర్తయ్యేది. ఊరివాళ్లు అతనికి డబ్బా డాక్టర్ అని పేరు పెట్టుకున్నారు.

"అక్కా, ఊళ్లో అందరి బళ్లకీ చేశాను. సొంత అక్క బండికి చెయ్యలేదంటే నా పరువేం కావాలి?" అనేవాడు డబ్బా డాక్టర్.

"నీ పరువు కోసం నా వ్యాన్ పొట్ట కోయించమంటావా?"

"మైలేజీ పెరుగుతుంది. పికప్ ఎలా ఉంటుందో ఒక్కసారి చూడు."

"నేను తోలేది ఒకటో తరగతి పిల్లల్నిరా. వాళ్లకి పికప్ ఎందుకు? బడికి తొందరగా పోవాలని వాళ్లలో ఒక్కరికీ లేదు."

ఆమె మొండితనానికి కారణం పెద్ద సిద్ధాంతమేమీ కాదు. రెండేళ్ల కిందట ఒక ఉదయం బడి గేటు దగ్గర, పిల్లలందరిలోకీ చిన్నదైన పొట్టి పాపకు బూటు పట్టీ ఊడిపోతే, పెట్టడానికి మోకాళ్ల మీద కూర్చుంది. అదే సమయానికి ముందున్న కారు కదిలింది. పొగంతా నేరుగా ఇద్దరి ముఖాల మీదికీ వచ్చింది. లేచి నిలబడితే కాస్త వాసన, అంతే. మళ్లీ కూర్చుంటే కళ్లు మండాయి. రోజూ తాను నిలబడే ఎత్తులో ఒక గాలి, పిల్లలు నిలబడే ఎత్తులో ఇంకో గాలి ఉందని ఆమెకు అప్పుడు తెలిసింది. "నువ్వెందుకక్కా ఏడుస్తున్నావు? మాకు రోజూ ఇంతే" అంది పొట్టి పాప, ఓదార్పుగా. వ్యాన్ అక్క ఆ రోజు నిజంగానే భయపడింది. ఆ భయమే ఆమెను ప్రతి ఆదివారం పెద్ద రోడ్డెక్కించేది.

ఇలా ఉండగా, ఊళ్లో దగ్గులు మితిమీరాయని ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఒకావిడ శాఖకు ఫిర్యాదు చేసింది. దగ్గు శాఖ పరిధిలోకి రాదని మొదట తిప్పి పంపారు. పదిహేడో ఫిర్యాదుకు శాఖ కదిలి, 'మసి డబ్బాలు ఉంచవలెనా, తొలగించవలెనా' అన్న అంశం మీద బహిరంగ చర్చ ఏర్పాటుచేసింది.

చర్చకు మూడు వందల కార్లలో జనం వచ్చారు. యజమానులు తిరిగొచ్చేసరికి సీట్లు చల్లగా ఉండాలని డ్రైవర్లు ఇంజిన్లు ఆపలేదు. పొగ లోపలికి రాకుండా హాలు కిటికీలన్నీ మూయించారు. (సభా నివేదికలో ఈ విషయం 'వాతావరణం ప్రశాంతంగా ఉన్నది' అని నమోదైంది.)

ముందుగా ఇంజిన్ శ్వాస హక్కుల సంఘం అధ్యక్షుడు లేచి గంటన్నర మాట్లాడాడు. "మనిషికి ఊపిరాడకపోతే అరుస్తాడు, కేసు పెడతాడు. ఇంజిన్ నోరు లేనిది. దాని గొంతులో డబ్బా కుక్కి ఊపిరాడకుండా చేస్తున్నాం. మన ఇంట్లోవాళ్లకైతే ఇలా చేస్తామా?" అని గద్గద స్వరంతో అడిగాడు. హాల్లో చాలామంది కళ్లు తుడుచుకున్నారు. కిటికీలు సరిగ్గా మూసుకోకపోవడం కూడా కొంత కారణం కావచ్చు.

తర్వాత డాక్టరమ్మకు రెండు నిమిషాలిచ్చారు. ఆమె ఎక్స్‌రేలు పైకెత్తి చూపించబోతే, కమిటీ రంగుల ఫొటోలు మాత్రమే స్వీకరిస్తుందని చెప్పి కూర్చోబెట్టారు. వ్యాన్ అక్క ఇదంతా వెనక వరసలోంచి చూస్తోంది. తనక్కూడా ఒక మాట చెప్పాలనిపించి చెయ్యెత్తింది. ఆ చేతిని టీ విరామం కోరినవారి లెక్కలో వేసుకున్నారు. విరామం తర్వాత సభ జరగలేదు.

ఎవరి మనసూ నొప్పించడం శాఖకు ఇష్టం లేదు. తొలగించాలన్నవారిదీ న్యాయమే, ఉంచాలన్నవారిదీ న్యాయమే. అందుకని నాలుగు నెలలు ఆలోచించి, ఉభయులకూ సమ్మతమైన నియమం 14(క) విడుదల చేశారు. దాని ప్రకారం మసి డబ్బాను పొగగొట్టం నుంచి తొలగించవచ్చు. కానీ తొలగించిన డబ్బాను పారవేయరాదు. డిక్కీలో గానీ, సీటు కింద గానీ భద్రపరచాలి. ఏటా ఒకసారి దాన్ని అధికారికి చూపించి, శుభ్రంగా ఉందని ధ్రువపత్రం పొందాలి. శుభ్రత తేల్చేందుకు తెల్లగుడ్డతో తుడిచి చూస్తారు. గుడ్డకు మసి అంటితే బండి పరీక్ష తప్పినట్టే.

ఊరు ఊరంతా ఈ నియమాన్ని నెత్తిన పెట్టుకుంది. డబ్బాలకు ముఖమల్ గలీబులు కుట్టించారు. పెళ్లికొడుకుల తరఫువారు డబ్బాకు వెండిపూత వేయించారు. డబ్బాలు ఎప్పుడో పారేసుకున్నవారి సౌకర్యార్థం పరీక్షా కేంద్రం గేటు పక్కనే ఒక పెద్దమనిషి కుర్చీ వేసుకుని కూర్చుని, తళతళలాడే డబ్బా ఒకటి అద్దెకిచ్చేవాడు. అది ఈ కారులో లోపలికి వెళ్లి, బయటికొచ్చి, వెనక కారులో మళ్లీ లోపలికి వెళ్లేది. మొదటి నెలలోనే ఆ ఒక్క డబ్బా ఆరువందల సార్లు పరీక్ష నెగ్గింది. (దాని క్రమశిక్షణను మెచ్చుకుంటూ శాఖ ఒక ప్రశంసాపత్రం ఇవ్వబోయిందని, డబ్బాకు గుర్తింపు కార్డు లేకపోవడంతో ఆగిపోయిందని అంటారు.)

వ్యాన్ అక్క తన వంతు వచ్చినప్పుడు ధైర్యంగానే వెళ్లింది. ఊళ్లో డబ్బా బిగించి ఉన్న బండి తనదొక్కటే. తనకేం భయం?

పరీక్ష చేసేది ఉపధూమాధికారి. ఆయన చెడ్డవాడు కాదు, ఎవరినీ నువ్వు అని ఎరగడు. ఆయన భార్య రోజూ పొద్దున్నే ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి ఇచ్చిన తెల్లగుడ్డలు ముప్ఫై ఆయన బల్ల మీద ఉంటాయి. సాయంత్రం ముప్ఫైకి ముప్ఫై అంతే తెల్లగా ఇంటికి చేరతాయి.

"డబ్బా చూపించండమ్మా" అన్నాడాయన.

"బండి కిందే ఉంది సార్, బిగించే ఉంది."

ఆయన వంగి బండి కిందికి చూశాడు. "ఎవరు బిగించారు?"

"ఎవరూ బిగించలేదండీ. ఎవరూ తియ్యలేదు."

వ్యాన్‌ను పైకి లేపి, డబ్బాను మరలు తిప్పి కిందికి దించి తెచ్చారు. ఆయన తెల్లగుడ్డ మడత విప్పి, డబ్బా లోపలి అంచు మీద ఒక్కసారి తుడిచాడు. గుడ్డ నల్లబడింది. ఆయనకు ఉద్యోగంలో చేరాక మసి కనబడడం అదే మొదలు.

"ఇదేమిటమ్మా?"

"మసి సార్."

"ఎక్కడిది?"

"ఇంజిన్‌దండీ. దాన్ని పట్టుకోవడమే కదా డబ్బా పని."

"అంటే మీ బండి మసి వదులుతుందని మీరే ఒప్పుకుంటున్నారు" అన్నాడాయన జాలిగా, కలం తీస్తూ. "పొద్దుట్నుంచి నలభై రెండు బళ్లు చూశాను. ఒక్కదాంట్లో ఇంత మసి లేదు."

"వాళ్ల మసి బయటికి పోతోంది సార్. నాది లోపల ఉంది."

"బయట సంగతి నాకు తెలీదమ్మా. నా డ్యూటీ లోపలే."

ఆ మాటతో ఆమె బండి పరీక్ష తప్పింది.

రెండోసారి ఆమె డబ్బా ఊడదీయించి, సబ్బు నీళ్లతో కడిగించి, ఆరబెట్టి బిగించుకుని వచ్చింది. కానీ క్యూలో ముందు యాభై బళ్లున్నాయి. మూడు గంటలు ఇంజిన్ ఆపుతూ, మళ్లీ వేస్తూ ముందుకు జరిగేసరికి డబ్బా తన ఉద్యోగం తాను చేసేసింది. గుడ్డ మళ్లీ నల్లబడింది. మూడోసారి తమ్ముడి సలహా మీద, బిగించిన డబ్బాను ముట్టుకోకుండా, సీటు కింద ఇంకో కొత్త డబ్బా పెట్టుకొచ్చి చూపించింది. ఒకే వాహనంలో రెండు డబ్బాలుండడం అక్రమ నిల్వ కిందికి వస్తుందని కొత్తదాన్ని స్వాధీనం చేసుకున్నారు.

ఇక శాఖవారు తమ పని తాము చేశారు. ఊళ్లోని గాలి ఎంత శుభ్రంగా ఉందో 'శ్వాస' యాప్ అందరికీ చూపిస్తుంది. (గాలిని కొలిచి కాదు. యంత్రం బీరువాలో ఉందని ముందే మనవి చేశాను. పరీక్ష నెగ్గిన బళ్లెన్నో, తప్పినవెన్నో చూసి లెక్క కడుతుంది.) యాప్ లెక్కలో ఊరంతా పచ్చగా ఉంది. ఒకే ఒక్క ఎర్ర చుక్క ఉంది. ఆ చుక్క పొద్దున ఏడింటికి కదిలి, పదకొండు ఇళ్ల ముందు ఆగి, ఏడూ నలభైకి బడి చేరుతుంది. దాని మీద నొక్కితే 'నగరంలో మసి లభించిన ఏకైక వాహనం' అని వస్తుంది.

అక్కడితో వ్యాన్ అక్క తలప్రాణం తోకకొచ్చింది. చుక్క దగ్గరికొస్తోందని ఫోన్ మోగగానే వీధుల్లో కిటికీలు టపటపా మూసుకునేవి. కూడలిలో ఎర్రలైటు పడితే పక్కన ఆగిన జీపువాడు అద్దం దించి, "పిల్లల్ని ఎక్కించుకుని ఇలాంటి బండి తోలడానికి మనసెలా వచ్చింది?" అని అడిగాడు. లైటు మారగానే అతని జీపు వదిలిన పొగలో ఆమెకు కాసేపు రోడ్డు కనబడలేదు. పొట్టి పాప తల్లి వచ్చి, "ఏమీ అనుకోకు వ్యాన్ అక్కా, రేపట్నుంచి పాపని మా కార్లో దింపుతాం. దాని ఆరోగ్యం కోసమే" అంది. వాళ్ల కారుకు డబ్బా డాక్టర్ ఏ నెలలో విముక్తి కలిగించాడో కూడా వ్యాన్ అక్కకు తెలుసు. అయినా తల్లి మొహంలో ఉన్న భయం నిజమైనదే. దాన్ని చూసి, వ్యాన్‌లో ఉండిపోయిన పాప నీళ్ల సీసా తెచ్చి తల్లి చేతికిచ్చింది.

ఆ వారమే నోటీసు వచ్చింది. ఏడు రోజుల్లో శుభ్రమైన డబ్బా చూపించకపోతే పిల్లల్ని ఎక్కించుకునే అనుమతి రద్దవుతుంది.

ఆమె మూడు రోజులు ఆ నోటీసును తీసి చదవడం, మడిచి పెట్టడం, మళ్లీ తీయడంగా గడిపింది. మొగుడు "పోనీ వ్యాన్ అమ్మేద్దామా?" అన్నాడు.

"అమ్మేస్తే పిల్లలు ఎందులో వెళ్తారు?"

"ఇంకో వ్యాన్‌లో వెళ్తారు."

"దానికి డబ్బా ఉందా?"

మొగుడు లేచి వెళ్లి వీధివైపు కిటికీ మూశాడు. దాంతో ఆమెకు విషయం పూర్తిగా అర్థమైంది. తాను పట్టు పట్టినా, మానుకున్నా, ఆ పిల్లలు పీల్చేది ఇక ఒకటే గాలి. తేడా అల్లా వాళ్ల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేది తానా, మరొకరా అన్నదే. ఆ చేతుల్ని మరొకరికి వదలడానికి ఆమె మనసు ఒప్పుకోలేదు.

ఆరో రోజు వ్యాన్ తీసుకెళ్లి తమ్ముడి షెడ్డు ముందు ఆపింది.

"తీసెయ్" అంది.

డబ్బా డాక్టర్ ఎగిరి గంతేస్తాడనుకుంది. అతను పనిముట్ల పెట్టె దగ్గర అటూ ఇటూ తచ్చాడాడు. ఒక రెంచీ తీశాడు, పెట్టేశాడు, ఇంకోటి తీశాడు.

"ఏంట్రా, నీ పరువు నిలబడుతోందిగా?"

"అది కాదక్కా." అతను రెంచీ వైపే చూస్తూ అన్నాడు. "మా పిల్లదాన్ని కూడా నీ వ్యాన్‌లోనే ఎందుకు ఎక్కిస్తున్నాననుకున్నావు? ఊళ్లో ఒక్క బండైనా ఉందిలే అనుకునేవాణ్ణి."

ఆమెకు కోపం రావలసింది. ఏడుపు వచ్చింది. తర్వాత అతను వ్యాన్ కిందికి దూరాడు. గంటన్నర పట్టే పని ఆ రోజు సాయంత్రం దాకా సాగింది. లోపలి రాయిని ఎప్పట్లా పొడిచి పారెయ్యలేదు. జాగ్రత్తగా తీసి, అందులోంచి రాలిన మసినంతా ఒక ప్లాస్టిక్ సంచిలో పోసి మూతి కట్టి ఆమె చేతికిచ్చాడు. రెండు గుప్పిళ్లు ఉంటుంది.

"ఇదేం చేసుకోను?"

"ఏమోనక్కా. పారబొయ్యడానికి నాకు చేతులు రాలేదు."

ఏడో రోజు వ్యాన్ అక్క కడిగి తుడిచిన ఖాళీ డబ్బాను ఒడిలో పెట్టుకుని ఉపధూమాధికారి ముందు కూర్చుంది. ఆయన గుడ్డ మడత విప్పి, పైనా లోపలా తుడిచాడు. గుడ్డ తెల్లగానే ఉంది. ఆయన మొహం వికసించింది. ఆయన నిజంగా సంతోషించాడు. ఆ ఎర్ర చుక్క ఆయనకు ఇన్నాళ్లూ మనశ్శాంతి లేకుండా చేసింది.

"చూశారా అమ్మా? ఇంత సులువైన పనికి ఇన్నాళ్లు మొండికేశారు."

"అవునండీ" అంది వ్యాన్ అక్క. పక్కనున్న ప్లాస్టిక్ సంచి తీసి బల్ల మీద పెట్టింది. "ఇది ఎక్కడ వెయ్యమంటారు?"

"ఏమిటిది?"

"డబ్బాలో మిగిలిన మసి సార్."

ఉపధూమాధికారి కుర్చీతో సహా గోడ దాకా వెనక్కి జరిగాడు. జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ప్యూన్‌ను పిలిచి చేతి తొడుగులు తెప్పించాడు, సంచి చుట్టూ సుద్దముక్కతో గీత గీయించాడు. తర్వాత సొరుగులోంచి నిబంధనల పుస్తకం తీసి, దూరంగా పట్టుకుని చదివాడు.

"మసి ప్రమాదకర పదార్థమమ్మా. చెత్తబుట్టలో వెయ్యకూడదు. కాలవలో కలపకూడదు. పిల్లలకి అందుబాటులో అసలు ఉంచకూడదు. బడికి వంద మీటర్ల లోపు ఇది మీ దగ్గర దొరికితే అరెస్టు. అసలు దీన్ని చేత్తో పట్టుకుని ఇంత దూరం ఎలా వచ్చారు? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉందండీ. మరి రేపట్నుంచి వచ్చే మసి?"

"ఏ మసి?"

"ఇప్పుడు డబ్బా లేదు కదండీ. రోజూ బడి గేటు దగ్గర వచ్చేది."

"ఓ, అదా." ఆయన జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఊరట పడి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అది గొట్టంలోంచి వస్తుంది కదమ్మా. దానికి అనుమతి ఉంది."

ధ్రువపత్రం మీద ముద్ర పడింది. సంచిని ఇద్దరు ఉద్యోగులు పొడవాటి పటకారుతో పట్టుకుని పై అంతస్తుకు మోసుకెళ్లారు. యాప్‌లో ఎర్ర చుక్క మాయమై, ఊరు మూల మూలలా పచ్చబడింది. పొట్టి పాపను వాళ్లమ్మ మర్నాడే తీసుకొచ్చి, వ్యాన్ అక్క చేతులు పట్టుకుని క్షమాపణ చెప్పి మరీ ఎక్కించింది.

ఆ రోజు నుంచి ఆ వ్యాన్ మసిని పట్టి ఉంచే ఉద్యోగం పదకొండుమంది పిల్లలకు అప్పగించారు. వాళ్లు పెరిగే వయసులో ఉన్నారు గనక నిల్వకు చోటు చాలదన్న భయం లేదని శాఖ తన వార్షిక నివేదికలో సంతృప్తి వ్యక్తం చేసింది.